పెండలం పిప్పి

అక్టోబర్ 6, సోమవారం

ఈ రోజు కూడా థ్యాంక్స్ చెప్పింది.

బడి నుంచి రాగానే దిబ్బరొట్టె వేసి పెట్టాను. అంచులు కరకరలాడేలా కాల్చి, పక్కన చెరుకుపానకం పోశాను. చందు పెట్టినదంతా తింది. మారు అడగలేదు. కంచం తనే కడిగి బోర్లించింది. చెయ్యి తుడుచుకుని నా దగ్గరికొచ్చి, "చాలా బాగుందమ్మా, థ్యాంక్స్" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల.

అత్తయ్య గారు మురిసిపోయారు. "ఎంత మర్యాద, ఎంత బుద్ధి! మన వీధి మొత్తం మీద ఇలాంటి పిల్ల లేదంటే లేదు, ఇంద్రజా" అన్నారు. నిజమే, లేదు. ఏ ఇంట్లో పిల్ల రొట్టె తిని వాళ్ళమ్మకి థ్యాంక్స్ చెబుతుంది? మా అన్నయ్య పిల్లలు కూర నచ్చకపోతే కంచం ముందుకు తోసేస్తారు. ఒకడు అలుగుతాడు, ఇంకొకతి ఏడుస్తుంది, వదిన నెత్తి కొట్టుకుంటుంది. ఆ గోల ఫోన్లో వింటుంటే నాకు నోరూరుతుంది.

జూన్‌లో ఆఫ్రికాలోని కొటొనూ నుంచి వచ్చాం. అక్కడి ప్రభుత్వం పచ్చి జీడిగింజలు బయటికి పంపడం ఆపేశాక మా ఆయన నిరంజన్ వ్యాపారం పక్క దేశాలకి మారింది. ఆయన అబిజాన్‌లో ఒక గది తీసుకుని తిరుగుతున్నారు. నేనూ చందూ సామర్లకోట అత్తగారింటికి వచ్చేశాం. పిల్ల ఇక్కడైతే మన పిల్లలా పెరుగుతుందని నేనే పట్టుబట్టాను. కొటొనూ అంటే ఈ వీధిలో ఎవరికీ తెలియదు. ఆఫ్రికా అంటే చాలు, అందరూ చందు జుట్టు వైపు చూస్తారు, ఏమైనా మారిందేమోనని.

నా కూతురు నా ఇంట్లో చుట్టపుచూపుగా ఉంది. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. దాని గౌను నడుము దగ్గర వదులైంది. రేపు కుట్టు వేయాలి.

అక్టోబర్ 8

కందబచ్చలి కూర. చాలా బాగుందట. థ్యాంక్సట.

అక్టోబర్ 11, శనివారం

బడిలో మీటింగు. క్లాస్ టీచరు ప్రసన్నకుమారి గారు నన్ను చూడగానే నవ్వారు. "మీ పాప లంచ్ టైమ్‌లో ఒక్కచోట కూర్చోదండీ. చెంచా పట్టుకుని అందరి బాక్సులూ చుట్టబెట్టేస్తుంది. ఎవరు ఏం తెచ్చుకున్నారో నాకంటే తనకే బాగా తెలుసండి. మొన్న మసాలా వడ తిని, మా ఊళ్ళో కూడా ఇలాంటిది ఉందని ఒకటే గంతులు."

"మా ఊరంటే సామర్లకోటేనండీ" అన్నాను.

"కాదండీ, ఏదో కొటోనో ఏదో అందండి."

పక్కనున్న ఒకావిడ, తన కొడుకు బాక్సులో కోడిగుడ్డు పొరుటు కూడా చందుకి బాగా నచ్చిందని చెప్పింది. మేం కోమట్లమని ఆవిడకి తెలియదు కాబోలు. నేను కూడా నవ్వేశాను.

బయట ఊరంతా కొలంబస్‌లా తిరుగుతుంది. నా వంటింటి గుమ్మం దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడుతుంది. బాక్సు మాత్రం రోజూ సగం వెనక్కి వస్తోంది. అది నేను ఈ పుస్తకంలోనే రాసుకోగలను.

అక్టోబర్ 12

నిరంజన్ వీడియో కాల్ చేశారు. "ఇంకా అలవాటు పడలేదా?" అన్నారు. "అలవాటు పడింది. అదే బాధ" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నాకు మాత్రం ఏమర్థమైందని.

కొటొనూ ఇంట్లో వంటిల్లు నాది, పెరడు అఫిది. చందుని చూసుకోవడానికి, అది పుట్టిన వారం నుంచీ మా ఇంట్లో పనికి ఉన్న అక్కడి మనిషి అఫి. చందుకి తాంతీ, అంటే పిన్ని. చేపలు, కోళ్ళు నా వంటింట్లోకి రాకూడదని నేను మొదటి రోజే చెప్పాను. అఫి తలూపి, పెరట్లో బొగ్గుల కుంపటి పెట్టుకుంది. చందుకి నడక వచ్చిన రోజు నుంచీ అటే నడిచింది. నా దగ్గర పప్పుచారూ అన్నం తిని, ఇంకా ఆకలేస్తోందని పెరట్లోకి పోయేది. వచ్చాక దాని వేళ్ళు ఎండుచేపల వాసన కొట్టేవి. నిమ్మచెక్కతో రుద్ది కడిగేదాన్ని. ఒక్క మాట అనేదాన్ని కాదు. అంటే చందు ఎవరి వైపు చూస్తుందో నాకు తెలుసు.

పెరట్లోంచి వినబడే గోల ఇప్పటికీ చెవుల్లో ఉంది. చందు అఫిని తిట్టేది. ఉప్పెక్కువైందని, చల్లారిపోయిందని, నిన్నటిలా లేదని. కాళ్ళు నేలకేసి తన్నేది. అఫి కూడా తిట్టేది. ఇద్దరూ వాళ్ళ ఫోన్ భాషలో (అక్కడి భాష పేరే అది, నిరంజన్‌కి ఎప్పుడూ నవ్వులాట) గట్టిగట్టిగా అరుచుకుని, కాసేపటికి ఒకే గిన్నెలో తినేవాళ్ళు.

నా వంట మీద చందు ఎప్పుడూ వంక పెట్టలేదు. నా చేతి వంట బాగుంటుందని అప్పట్లో అనుకునేదాన్ని.

అక్టోబర్ 21

దీపావళికి మావయ్య గారు ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించారు. చందు ఒకటి మడత విప్పి, రేకుని కిటికీ వెలుతురుకి పట్టి, దాంట్లోంచి మా అందరినీ చూసింది. మావయ్య గారు పడీపడీ నవ్వారు. తర్వాత తింది. తాతయ్యకి కూడా థ్యాంక్స్.

నవంబర్ 3, కార్తీక సోమవారం

ఈ రోజు పరువు పోవలసింది. కొద్దిలో తప్పింది.

సాయంత్రం భీమేశ్వరుడి గుడికి బయల్దేరుతున్నాం. అత్తయ్య గారు పొద్దుటి నుంచీ ఉపవాసం. ఒత్తులూ నెయ్యీ సర్దుకుని చూస్తే చందు లేదు. పట్టులంగా కట్టుకుని ఇప్పటిదాకా ఇక్కడే ఉంది. వీధి చివరికి వెళ్ళి చూస్తే, ఎండుచేపలు అమ్మే లోవమ్మ బుట్ట దింపుకుని గోడ నీడన కూర్చుని ఉంది. ఆమె పక్కన గొంతుక్కూర్చుని నా కూతురు. చేతిలో ఎండుచేప. తినడం లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వాసన చూస్తోంది.

నా వెనకే అత్తయ్య గారు.

లోవమ్మ గాభరాగా లేచింది. "నానేటీ పెట్టలేదండి అమ్మగారూ! పాపగారు ఒక్కపాలి వాసన చూత్తానంటే ఇచ్చానండి. తప్పయిపోనాదండి."

"ఏంటే ఇది? కార్తీక సోమవారం నాడు, పట్టులంగాతో, ఏంటీ చోద్యం?" అని అత్తయ్య గారు కేక పెట్టారు. వీధిలో రెండు తలుపులు తెరుచుకున్నాయి.

చందు చేపని బుట్టలో భద్రంగా పెట్టి లేచి నిలబడింది. "సారీ నాయనమ్మా" అంది. మొహంలో ఏమీ లేదు.

నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, "స్కూల్ ప్రాజెక్టండీ అత్తయ్య గారూ. సైన్స్. జీవుల వాసనలు రాసుకుని రమ్మన్నారు" అనేశాను.

"కార్తీక మాసంలో ఇలాంటి ప్రాజెక్టులేంటమ్మా? ఈ స్కూళ్ళకి బుద్ధి లేదు, రేపు మావయ్య గారిని పంపి అడిగిస్తాను" అంటూ ఆవిడ చందుని మళ్ళీ స్నానానికి తోలుకెళ్ళారు. చందు మలుపు దగ్గర వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఎంత పెద్ద అబద్ధం చెప్పావమ్మా అన్నట్టు. నాకు కొత్తగా, హాయిగా అనిపించింది.

గుళ్ళో దీపాల మధ్య తనంతట తనే నా చెయ్యి పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో అడగలేదు. అడిగితే వదిలేస్తుందేమోనని. ప్రదక్షిణ చేస్తుంటే, "అమ్మా, తాంతీ ఇప్పుడు ఎవరికి వండుతోంది?" అంది.

"తెలియదు" అన్నాను.

"ఎవరికీ వండకపోతే తను మాత్రం ఏం తింటుంది?"

దేవుడి ఎదుట నిలబడి నేనేం కోరుకున్నానో ఇక్కడ కూడా రాయను.

నవంబర్ 4

నాకేం అసూయ లేదు.

నవంబర్ 9, ఆదివారం

అరిచింది! నా కూతురు నడిరోడ్డు మీద అరిచింది!

స్కూటీ మీద పెద్దాపురం వైపు వెళ్తున్నాం. ముందు కర్రపెండలం దుంపల లోడుతో ట్రాక్టరు. ఈ సీజన్‌లో ఆ రోడ్డంతా అవే, సగ్గుబియ్యం మిల్లులకి తోలుకెళ్తుంటారు. చందు వెనక సీటులోంచి లేచి నిలబడిపోయింది. "మానియోక్! అమ్మా, మానియోక్! ఆపు, ఆపు, ట్రాక్టర్ని పట్టుకో!" అని నా భుజాలు గుద్దేసింది. బండి తూలి ఇద్దరం పడబోయాం.

రోడ్డు పక్కన ఆపాను. మాటలు తన్నుకుంటూ వచ్చాయి దానికి. అక్కడ మానియోక్ అనే ఈ దుంపతోనే గరి చేస్తారట. తెల్లగా రవ్వలా ఉంటుందట. ఎండగా ఉన్నప్పుడు చల్లటి నీళ్ళు పోసి, పంచదార, వేరుశనగ గుళ్ళు వేసుకుంటారట. "వానొస్తే వేడి నీళ్ళు పోసి ముద్ద చేసి, నీ ఆవకాయ పెట్టుకునేవాళ్ళం. తాంతీ నీ జాడీలోంచి దొంగతనంగా తీసేదిగా, నీకు తెలీదా?"

తెలుసు. ఆవకాయ జాడీ ఎందుకంత తొందరగా అడుగంటుతోందో తెలియదా నాకు? అందుకే ఏటా ఒక జాడీ ఎక్కువ పెట్టేదాన్ని. ఇది కూడా ఎవరికీ చెప్పలేదు.

"నేను చేసి పెడతాను" అన్నాను.

"నీకు రాదుగా. తాంతీకి ఫోన్ చేసి అడుగుదామా?"

"అక్కర్లేదు. సగ్గుబియ్యం వ్యాపారం చేసే ఇంటి కోడలిని. పెండలం సంగతి నాకు ఇంకొకరు చెప్పాలా?"

నవంబర్ 12

మావయ్య గారిని దుంపలు అడిగాను. ముప్పై ఏళ్ళుగా సగ్గుబియ్యం అమ్ముతున్న మనిషి, విచిత్రంగా చూశారు. "మిల్లు దుంప చేదమ్మా, తినకూడదు. ఉడకబెట్టుకు తినే రకం వేరు, అది తెప్పిస్తానులే. అయినా ఏం చేస్తావు?" అన్నారు.

"చందుకి సరదాగా..."

"చందమ్మ అడిగిందా? తను ఒకటి అడిగిందా?" ఆయన లేచి చొక్కా వేసుకున్నారు. ఈ పిల్ల ఏమీ అడగదన్న సంగతి నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

నవంబర్ 15, శనివారం

రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

పొద్దున్నే కూర్చున్నాను. తోలు తీశాను, కడిగాను, కొబ్బరికోరుతో కోరాను. వేళ్ళు రెండు చోట్ల గీరుకున్నాయి. తెల్లచీర ముక్కలో వేసి పిండాను. పాలు ఎంత చిక్కగా దిగాయో! బేసిన్ నిండా. మిల్లులో చూసిన పద్ధతే. పాలు తేరుకున్నాక అడుగున తెల్లటి పిండి పేరుకుంది. పైనీళ్ళు వంపి, పిండి ఎండలో ఆరబెట్టాను. మిగిలిన పిప్పి వెనకింటి సాయిదుర్గ గారి గేదెకి పంపాను. మా పెరటి గోడ అవతలే కట్టేసి ఉంటుంది అది.

సాయంత్రం ఆ పిండిని జల్లెడలో రుద్ది, మూకుడులో వేయించాను. ఉండలు కట్టింది. కొంత అంటుకుపోయింది, కొంత రబ్బరైంది. చివరికి గుండ్రటి గింజలు గింజలుగా విడిపోయి మెరిసింది. తేరిపార చూశాను. పదకొండేళ్ళు దేశం కాని దేశంలో ఉండి వచ్చి, రోజంతా ఒళ్ళు హూనం చేసుకుని నేను చేసింది సగ్గుబియ్యం.

అయినా ఆశ. చల్లటి నీళ్ళు పోశాను. పంచదార వేశాను. గుళ్ళు వేశాను. చందు ముందు పెట్టాను.

పళ్ళ కింద గులకరాయిలా పటపటమంది. నాకే వినబడింది. నమిలింది. మింగింది. ఇంకో చెంచా తీసుకుంది. అది కూడా మింగి, నా మొహంలోకి చూసి, "చాలా బాగుందమ్మా" అంది.

ఆ తర్వాత మాట దాని నోట్లోంచి రాకముందే నేను గిన్నె లాక్కున్నాను. "అబద్ధం! బాగా లేదు, బాగా లేదు! బాగా లేదని చెప్పడానికి నోరు రాదా నీకు? నేనెవరిననుకుంటున్నావు? హోటల్ దాన్నా?"

ఇంత వయసొచ్చి, చిన్నపిల్ల మీద అరిచాను. చందు బెదిరిపోయి పెరట్లోకి పరుగెత్తింది. నేను మూకుడు ముందు కూర్చుండిపోయాను. కళ్ళు తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

అప్పుడు వినబడింది కేక.

"అమ్మా! గరిని గేదె తినేస్తోంది!"

పరుగెత్తాను. చందు పెరటి గోడెక్కి అవతలికి వంగి ఉంది. సాయిదుర్గ గారి గేదె కుడితి తొట్టిలో మూతి పెట్టి, నేను పంపిన పిప్పిని తృప్తిగా నములుతోంది.

"అదే గరి! ఆ పిప్పే గరి! నీళ్ళు పారబోయాలి, పిప్పి దాచుకోవాలి! నువ్వు గేదెకి పెట్టేశావా?" గోడ మీద నుంచి దూకి నా మీదికొచ్చింది. "నీకేమీ రాదు! అన్నీ తప్పే చేస్తావు! తాంతీకి అన్నీ వచ్చు! నాకు తాంతీ కావాలి! ఈ ఊరొద్దు! నాకు తాంతీయే కావాలి!"

కాళ్ళు నేలకేసి తన్నింది. నా చీర పట్టుకుని గుంజింది. నా పొట్టలో మొహం పెట్టి గుద్దుతూ ఏడ్చింది. ఐదు నెలల ఏడుపు అది. అత్తయ్య గారు గుమ్మంలోకొచ్చి, "ఏమైందమ్మా, దెబ్బ తగిలిందా?" అని కంగారు పడ్డారు.

"ఏం లేదండీ, నన్ను తిడుతోంది" అన్నాను.

గేదె తల ఎత్తి మమ్మల్నిద్దరినీ చూసింది. ముందు నవ్వింది ఎవరో గుర్తు లేదు.

నవంబర్ 16, ఆదివారం

అఫికి ఫోన్ చేశాను. నేనే. నా ఫ్రెంచ్ బజారు ఫ్రెంచ్, తనది కూడా అంతే.

తెర మీద నన్ను చూడగానే, "మదాం, పాపకి ఏమైంది?" అంది. మొహం వాడిపోయింది. మంచి వార్త చెప్పడానికి నేను ఫోన్ చేస్తానని అనుకోదుగా.

చందు ఫోన్ లాక్కుంది. ఇక ఆపేవాళ్ళు లేరు. సగం ఫ్రెంచ్, సగం ఫోన్, మధ్యలో గేదె అరుపు. నా మీద చాడీలు చెబుతోందని అర్థమైంది. పాలు దాచి పిప్పి పారేసిందట, రాళ్ళు వేయించి పెట్టిందట, పైగా తననే తిట్టిందట. అఫి కడుపు పట్టుకుని నవ్వింది. తలుపు పక్కన నిలబడి ఒక్క ముక్క వదలకుండా విన్నాను. నా మీద ఇన్ని చాడీలు చెప్పగలదని నాకు తెలియదు.

అఫి తర్వాత నాకు చెప్పింది. కోరిన దుంపని గోనెసంచిలో కట్టి, మీద రాళ్ళు పెట్టాలి. నీళ్ళన్నీ కారిపోవాలి. పులిసేదాకా మూడు రోజులు ముట్టుకోకూడదు. తర్వాత చిదిపి, జల్లించి, సన్నసెగ మీద చెయ్యి ఆపకుండా వేయించాలి. "తొందరపడకండి మదాం. మీరు అన్నీ తొందరగా చేస్తారు."

నాకు కోపం రాలేదు. వచ్చింది, కొంచెం.

"నువ్వు ఎవరింట్లో చేస్తున్నావు?" అని అడిగాను. లెబనాన్ వాళ్ళింట్లో వంటట. పిల్లలు లేరట. వాళ్ళు తెల్ల రొట్టె తింటారట. తెర మీద తన వెనకాల పెరట్లో కుంపటి కనబడలేదు.

నవంబర్ 18

నిన్న మళ్ళీ దుంపలు తెప్పించి, కోరి సంచిలో కట్టాను. ఇల్లంతా పులిసిన వాసన. "ఇడ్లీపిండి ఇలా పులవదమ్మా, ఏం కుళ్ళబెడుతున్నావు?" అన్నారు అత్తయ్య గారు. చందు బడి నుంచి రాగానే సంచి దగ్గర బోర్లా పడుకుని వాసన చూస్తోంది.

"ఇంకో రెండు రోజులు ఉంచాలమ్మా" అంది.

"చాలు, రేపు వేయించేస్తాను. మీ నాయనమ్మ నన్ను ఇంట్లోంచి గెంటేలా ఉంది."

"నువ్వు ఎప్పుడూ ఇంతే" అంది.

"మళ్ళీ అను" అనబోయాను.

నవంబర్ 19, బుధవారం

వేయించాను. మూకుడులో రవ్వ గలగలలాడింది. చందు పక్కనే నిలబడి, మంట తగ్గించు, అడుగంటుతోంది, అలా కాదు ఇలా, అని ప్రాణం తీసింది. మావయ్య గారు గుప్పెడు నోట్లో వేసుకుని, "ఇన్నేళ్ళూ మంచి సరుకు గేదెలకి పెట్టేశామా?" అన్నారు. అత్తయ్య గారు రుచి చూడలేదు గానీ, ఎవరు నేర్పారో, ఎక్కడి వంటో అన్నీ అడిగారు. చెప్పాను. అఫి పేరు చెప్పాను. చేపల సంగతి తప్ప అన్నీ చెప్పాను.

చందు నీళ్ళు పోసుకుని గిన్నె ముందు కూర్చుంది. ఫోన్లో అఫి. అఫి కూడా అక్కడ ఒక గిన్నె పెట్టుకుంది. ఇద్దరూ ఒకేసారి తిన్నారు. మొదటి చెంచాకి చందు కళ్ళు మూసుకుంది. ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలుసు. నేను అడుగుపెట్టని ఆ పెరట్లోకి. ఆ పిల్ల ఆ పెరట్లోంచి ఎప్పటికీ పూర్తిగా నా ఇంట్లోకి రాదు. ఏ ఊళ్ళో ఉన్నా దానికి ఇంకో ఊరు కావాలనిపిస్తూనే ఉంటుంది.

"మదాం తినరు కదా" అంది అఫి చందుతో, మామూలుగా. నిందేమీ లేదు. తొమ్మిదేళ్ళు చూసిన మాట చెప్పింది, అంతే.

కొటొనూలో అఫి పెరటి గుమ్మం దగ్గర నిలబడి గిన్నె చాచేది. "కొంచెం, మదాం?" వద్దని తల ఊపేదాన్ని. మొదట్లో రోజూ అడిగేది. తర్వాత పండగలకి. తర్వాత మానేసింది. అడగడం మానేసిన రోజు నాకు హాయిగా అనిపించింది. ఇప్పుడు ఆ గుమ్మం కావాలనిపిస్తోంది. ఆ బొగ్గుల పొగ, పెరట్లో వాళ్ళిద్దరి అరుపులు కావాలనిపిస్తోంది. చందుకే బెంగ అనుకున్నాను ఇన్నాళ్ళూ.

చందు చేతిలోంచి చెంచా తీసుకుని తిన్నాను. పుల్లగా, రవ్వరవ్వగా ఉంది. వేరుశనగ గుళ్ళు మెత్తబడ్డాయి. తెర మీద అఫి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"చాలా బాగుంది అఫి, థ్యాంక్స్" అనడానికి నోరు తెరిచాను. చందు నన్నే చూస్తోంది. ఆ మాట మింగేశాను.

"పులుపు చాల్లేదు, అఫి" అన్నాను. "నీళ్ళు కూడా ఎక్కువయ్యాయి."

అఫి మొహం వెలిగిపోయింది. చెయ్యి తీసేసి, ఫోన్లోకి వంగి నన్ను తిట్టడం మొదలుపెట్టింది. మూడు రోజులు ఉంచమంటే రెండు రోజులకే ఎందుకు తీశారు, పెద్దవాళ్ళ మాట ఎప్పుడైనా విన్నారా అని. నాకంటే రెండేళ్ళు చిన్నది. చందు కూడా తనతో కలిసింది. రెండు భాషల్లో తిడుతున్నారు. నేను ఇంకో చెంచా తీసుకున్నాను.